నిలబడిన అభ్యర్థి, నిలబెట్టిన అభ్యర్థి: 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో పట్టాభి

1939 జనవరి 29న జరిగిన భారత జాతీయ కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక గురించి తెలుగువారికి గుర్తున్నది సాధారణంగా ఒక్క వాక్యమే. సుభాష్ చంద్రబోసు చేతిలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఓడిపోగా, అది పట్టాభి ఓటమి కాదు, తన ఓటమేనని గాంధీజీ అన్నారట. పాఠ్యపుస్తకాలలోనూ, పోటీ పరీక్షల మార్గదర్శకాలలోనూ, ఉపన్యాసాలలోనూ ఆ సంఘటన ఈ రూపంలోనే తిరుగుతున్నది. కానీ జనవరి 31న బార్డోలీ నుంచి గాంధీజీ వెలువరించిన ప్రకటనలో ఈ మాటకు ముందు ఒక కారణం చెప్పి ఉంది. మౌలానా ఆజాద్ తప్పుకున్న సమయంలో పట్టాభి తన పేరును ఉపసంహరించుకోకుండా చేయడంలో తన ప్రమేయం ఉంది కాబట్టి, ఆ ఓటమి పట్టాభిదానికన్నా తనదే ఎక్కువ అన్నది ఆ వాక్యపు పూర్తి భావం. జనశ్రుతిలో రెండవ సగం మిగిలి, మొదటి సగం జారిపోయింది.

జారిపోయిన ఆ సగాన్ని తిరిగి చేర్చి చదివితే, ఇది ఓడిన అనుచరుణ్ణి ఓదార్చే పెద్దమనిషి మాటగా మాత్రమే వినిపించదు. ఒక అభ్యర్థి ఎలా అభ్యర్థి అయ్యాడో చెప్పే సాక్ష్యంగా వినిపిస్తుంది. ఓట్ల లెక్క గురించి మనకు చరిత్ర గ్రంథాలు చాలానే చెబుతాయి. ఓటు వేయడానికి ముందు, ఎవరి పేరు ఓటర్ల ఎదుటికి రావాలో ఎవరు, ఎక్కడ, ఏ పద్ధతిలో నిర్ణయించారన్నది అంతగా పట్టించుకోని విషయం. ఈ వ్యాసం ప్రధానంగా ఆ దశను పరిశీలిస్తుంది. ఆ తరువాతి పుష్కరకాలంలో ఆంధ్ర కాంగ్రెస్‌లో జరిగిన మరి రెండు మూడు అంతర్గత ఎన్నికలను దానికి అనుబంధంగా మాత్రమే ప్రస్తావిస్తుంది.

మాటల వెనుక

ముందుగా మనం వాడుతున్న మాటలను చూడాలి. ఎన్ను, ఎంచు అనే రెండు క్రియలకూ లెక్కించడం, తలచడం అనే అర్థాలు ఉన్నాయి. తప్పులు ఎన్నడమూ ఉంది, తప్పులు ఎంచడమూ ఉంది. ఎన్నికగన్నవాడు అంటే పదిమంది లెక్కలో ఉన్నవాడు, గణ్యుడు. ఈ రెండు ధాతువులనుంచి వచ్చిన ఎన్నిక, ఎంపిక అనే నామాలను ఆధునిక రాజకీయ వాడుక మాత్రం స్పష్టంగా విడదీసింది. ఓటర్లు చేసేది ఎన్నిక. ఓటర్లకన్నా ముందు పార్టీ చేసేది ఎంపిక. ‘అభ్యర్థి ఎన్నిక’ అని వార్తాపత్రిక రాయదు, ‘అభ్యర్థుల ఎంపిక’ అని రాస్తుంది. ఒకే అర్థక్షేత్రానికి చెందిన రెండు మాటల మధ్య అధికారం ఇలా పంచుకోబడింది.

అభ్యర్థి అన్న మాట విద్యార్థి, శరణార్థి అన్న వరుసలోది. కోరేవాడు, అడిగేవాడు అని దాని అర్థం. పదవిని కోరుకోవడం ఆ మాటలోనే ఉంది. గాంధీ యుగపు కాంగ్రెస్ సంస్కారంలో పదవిని కోరుకోవడం చిన్నతనం. అందువల్ల అక్కడ అభ్యర్థి తాను అభ్యర్థినని చెప్పుకోలేడు. ఇతరులు అడిగితే తలవంచాడని చెప్పుకోవాలి. తెలుగు వాడుక ఈ తేడాను క్రియలోనే పట్టుకుంది. పోటీకి ‘నిలబడ్డాడు’ అంటాం, ఫలానావారిని పోటీకి ‘నిలబెట్టారు’ అనీ అంటాం. రెండవది ప్రేరణార్థకం. అందులో కర్త వేరు, నిలిచే మనిషి వేరు. 1939లో బోసు నిలబడ్డారు. పట్టాభి నిలబడ్డారా, ఆయనను నిలబెట్టారా అన్నది తేల్చవలసిన ప్రశ్న.

ఏకగ్రీవం అనే మాట కూడా ఈ చర్చకు అవసరం. వాచ్యార్థం ఒకే మెడ. అందరి గొంతూ ఒకటి కావడం అని మనం అన్వయించుకుంటున్నాం. 1939 జనవరిలో వెలువడిన ప్రకటనలన్నిటిలోనూ అసలు వివాదం ఈ మాట చుట్టూ తిరిగినదే. అధ్యక్షుడు ఏకగ్రీవంగా రావాలా, పోటీలో గెలిచి రావాలా అన్న విషయంలో ఇరుపక్షాలకూ సిద్ధాంతపరమైన భేదమే ఉంది.

అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకునేవారు

కాంగ్రెస్ తొలి దశలో అధ్యక్షుడంటే ఒక వార్షిక సభకు అగ్రాసనాధిపతి. సభ జరిగే ఊరి ఆహ్వాన సంఘం పెద్దలతో సంప్రదించి ఒక పేరు నిర్ణయించేది, సభ చప్పట్లతో ఆమోదించేది. 1891లో నాగపూర్ సభకు తెలుగువాడైన పనబాక ఆనందాచార్యులు అధ్యక్షత వహించింది ఈ పద్ధతిలోనే. ఈ మర్యాద మొదటిసారి బద్దలైంది 1907లో. నాగపూర్‌లో జరగవలసిన సభను తిలక్ పక్షం అక్కడ బలంగా ఉందన్న జంకుతో సూరత్‌కు మార్చారు. రాస్ బిహారీ ఘోష్ అధ్యక్షత విషయమై సభలో గొడవ చెలరేగి కాంగ్రెస్ రెండుగా చీలింది. అధ్యక్షుడి పేరు మీద తగవు వస్తే ఏమవుతుందో ఆ తరం నాయకులు కళ్ళారా చూశారు. ముప్ఫై ఏళ్ళ తరువాత కూడా ఏకగ్రీవం మీద అంత పట్టుదల ఎందుకు ఉండేదో అర్థం చేసుకోవడానికి సూరత్‌ను గుర్తుంచుకోవాలి.

1920 నాగపూర్ నిబంధనావళి కాంగ్రెస్‌ను నాలుగణాల చందా కట్టే సభ్యుల సంస్థగా, భాషాప్రాంతాల కమిటీల సమాఖ్యగా మార్చింది. రాష్ట్ర కమిటీలు అధ్యక్షుడి పేరును సూచించే పద్ధతి స్థిరపడింది. 1929 లాహోర్ సభకు పది రాష్ట్ర కమిటీలు గాంధీజీని, అయిదు వల్లభ్‌భాయి పటేల్‌ను, మూడు జవహర్‌లాల్ నెహ్రూను సూచించాయి. గాంధీజీ నిరాకరించి నెహ్రూ పేరు చెప్పారు. లక్నోలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఆ పేరునే ఖాయం చేసింది. అన్నిటికన్నా తక్కువ కమిటీలు కోరిన వ్యక్తి అధ్యక్షుడయ్యాడు. దీన్ని ఎన్నిక అనడం కష్టం, ఎంపిక అనడమే సబబు. విశేషమేమంటే దీనికి ఆనాడు ఎవరూ బహిరంగంగా అభ్యంతరం చెప్పలేదు.

1934 బొంబాయి నిబంధనావళితో నిర్మాణం మారింది. అధ్యక్షుణ్ణి దేశమంతటి ప్రతినిధులే నేరుగా ఓటు వేసి ఎన్నుకోవాలి. ప్రతినిధులు పేర్లు ప్రతిపాదిస్తారు. ఉపసంహరణకు గడువు ఉంటుంది. ఆ గడువు దాటాక మిగిలిన పేర్ల మీద ఆయా రాష్ట్రాలలో ఒకే రోజున ఓటింగు జరుగుతుంది. ప్రతినిధుల సంఖ్య 2000 దాటరాదని మొదట హద్దు పెట్టారు. తరువాతి సవరణలతో అది పెరిగింది, 1939లో పోలైన ఓట్లే 2957. నియమం ఇంత మారినా అలవాటు మారలేదు. ఫైజ్‌పూర్ సభకు ముందు, 1936 చివరలో, పటేల్ పేరు ప్రతిపాదనలో ఉండగా ఆయన నెహ్రూకు అనుకూలంగా తప్పుకున్నారు. తప్పుకుంటూ చేసిన ప్రకటనలో అధ్యక్షుడికి నియంతృత్వాధికారాలేమీ లేవనీ, ఆయన ఒక సువ్యవస్థిత సంస్థకు అధ్యక్షుడు మాత్రమేననీ అన్నారు. నెహ్రూ ఎన్నికైతే కాంగ్రెస్ సోషలిజం వైపు మళ్ళుతుందని జంకేవారికి అది సమాధానం. ఇదే వాదం రెండేళ్ళ తరువాత మరో అవసరానికి తిరిగి వచ్చింది.

అంటే 1939 నాటికి కాగితం మీద ఉన్నది ఎన్నిక, ఆచరణలో ఉన్నది ఎంపిక. ఆ రెంటికీ అంతవరకు ఘర్షణ రాలేదు, ఎందుకంటే ఎంపికైన పేరు ఒక్కటే గడువు దాటేది.

1939 జనవరి

హరిపుర అధ్యక్షుడైన బోసు రెండవసారి పోటీ చేయదలచారు. 1935 చట్టంలోని ఫెడరేషన్ భాగం విషయంలో అగ్రనాయకులలో కొందరు బ్రిటిష్ ప్రభుత్వంతో రాజీకి సిద్ధపడవచ్చునని ఆయన అనుమానం. ప్రతినిధుల ప్రతిపాదనలలో నిలిచిన పేర్లు మూడు: ఆజాద్, బోసు, పట్టాభి. గాంధీజీకీ ఆయన సన్నిహితులకూ కావలసింది ఆజాద్. ఆజాద్ జనవరి 20న ఆరోగ్య కారణం చెప్పి తప్పుకున్నారు. ఆయన ప్రకటనలో మన చర్చకు అతి ముఖ్యమైన సమాచారం ఉంది. తాను పోటీలో ఉంటానన్న ఉద్దేశంతో పట్టాభి తన పేరు వెనక్కు తీసుకోబోతున్నారనీ, తాను ఆయనకు నచ్చజెప్పి ఆపాననీ, ప్రతినిధులు ఆయనను ఏకగ్రీవంగా ఎన్నుకుంటారని ఆశిస్తున్నాననీ అందులో ఉంది.

గాంధీజీ చెప్పిన కారణంతో దీన్ని కలిపి చూస్తే విషయం తేటపడుతుంది. పట్టాభి తనంతట తాను చేయబోయిన పని తప్పుకోవడం. ఆయనను తప్పుకోనివ్వని ఇద్దరు ఆ సంగతిని తామే లోకానికి చెప్పారు. ఒకరు ఓటింగుకు ముందు, మరొకరు ఫలితం వచ్చాక.

జనవరి 21న బోసు వాదం ఏమిటంటే, స్వతంత్ర దేశాలలో అధ్యక్ష ఎన్నికలు నిర్దిష్ట సమస్యల మీద, కార్యక్రమాల మీద జరుగుతాయి. కాంగ్రెస్‌లోనూ అలా జరిగితే భావాలు తేటపడతాయి, తప్పేమీ లేదు. దీనికి జనవరి 24న కార్యవర్గ సభ్యులు ఏడుగురు జవాబిచ్చారు. వారు పటేల్, రాజేంద్ర ప్రసాద్, జైరాందాస్ దౌలత్‌రాం, కృపలానీ, జమ్నాలాల్ బజాజ్, శంకరరావు దేవ్, భూలాభాయి దేశాయి. ఎన్నిక ఎప్పుడూ ఏకగ్రీవంగానే జరుగుతున్నదనీ, విధానాన్ని నిర్ణయించేది కాంగ్రెస్, కార్యవర్గమే తప్ప అధ్యక్షుడు కాదనీ, అసాధారణ పరిస్థితి ఉంటే తప్ప అదే వ్యక్తిని మళ్ళీ ఎన్నుకోరాదనీ, బోసు పునరాలోచించి పట్టాభి ఏకగ్రీవ ఎన్నికకు తోడ్పడాలనీ వారు కోరారు. నెహ్రూ ఇందులో సంతకం చేయలేదు. ఆయన 26న విడిగా ఒక ప్రకటన చేశారు. ఈ ఎన్నికలో కార్యక్రమాల ఘర్షణ ఏదీ లేదన్నది అందులోని సారం.

బోసు మరునాడే అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. ఇద్దరు సహచరులు పోటీపడుతుండగా కార్యవర్గ సభ్యులు ఒక జట్టుగా ఒకరి పక్షం వహించడం న్యాయమేనా? ఈ విషయాన్ని కార్యవర్గం ఎప్పుడు చర్చించింది? తనకు గానీ మరికొందరు సభ్యులకు గానీ తెలియని చర్చ ఎక్కడ జరిగింది? దీనికి పటేల్ ఇచ్చిన సమాధానాన్ని ఈ మొత్తం వ్యవహారంలోకెల్లా విలువైన ఆధారంగా నేను భావిస్తున్నాను. బార్డోలీలో అనుకోకుండా కలిసినప్పుడు లాంఛనం లేని సంప్రదింపులు జరిగాయని ఆయన ఒప్పుకున్నారు. అక్కడ ఉన్నవారిగా ఆజాద్, నెహ్రూ, రాజేంద్ర ప్రసాద్, భూలాభాయి, కృపలానీ, గాంధీజీ, తాను అని చెప్పారు. ఆజాద్ ససేమిరా అంటే, నిబంధనల ప్రకారం ఇక మిగిలే పేరు పట్టాభిదేనని అంతా అనుకున్నామని వివరించారు. ఎందుకంటే బోసును తిరిగి ఎన్నుకోవడం అనవసరమన్న అభిప్రాయం వారికి అప్పటికే ఉంది.

ఈ వివరణలో రెండు అంశాలు గమనించదగినవి. అక్కడున్నవారి జాబితాలో పట్టాభి పేరు లేదు. ఆయనను ఎంచుకోవడానికి చెప్పిన కారణంలో ఆయన ప్రస్తావనా లేదు. బందరులో వైద్యవృత్తి మాని ప్రజాజీవితంలోకి వచ్చి, ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో భుజం కలిపి, 1919లో ‘జన్మభూమి’ పత్రిక నడిపి, 1923లో ఆంధ్రా బ్యాంకు నెలకొల్పి, సంస్థాన ప్రజల ఉద్యమంలో ముందువరుసలో నిలిచి, 1935లో కాంగ్రెస్ స్వర్ణోత్సవ సందర్భంగా ఆ సంస్థ చరిత్రనే రాసిన వ్యక్తి ఆయన. ఇన్ని యోగ్యతలుండగా పటేల్ వివరణలో కనిపించే ఏకైక యోగ్యత, గడువు దాటాక ఆయన పేరు మిగిలి ఉండటం. అభ్యర్థి ఎంపికలో నిబంధనావళిలోని తేదీలు ఎంత పని చేస్తాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అయితే పట్టాభిని కేవలం పావుగా చిత్రించడం కూడా సరికాదు. నచ్చజెప్పినప్పుడు ఒప్పుకున్నది ఆయనే. ఏకగ్రీవం ఆశ అడుగంటి, పోటీ తప్పదని తేలిన తరువాత కూడా బరిలో ఉన్నది ఆయనే. ప్రేరణార్థక క్రియలో ప్రేరకుడితోపాటు ప్రేరితుడు కూడా కర్తేనని వ్యాకరణం చెబుతుంది.

ఆంధ్రుల ఓటు

ఫలితం: బోసుకు 1580, పట్టాభికి 1377. ఆధిక్యం 203. రాష్ట్రాలవారీ పట్టికలలో గ్రంథానికీ గ్రంథానికీ స్వల్పమైన తేడాలున్నా మొత్తం చిత్రం మారదు. బెంగాల్‌లో బోసుకు 404, పట్టాభికి 79. ఆంధ్రలో పట్టాభికి 181, బోసుకు 28. గుజరాత్‌లో పట్టాభికి 100, బోసుకు 5. బీహారు పట్టాభి వైపు, సంయుక్త రాష్ట్రాలు, పంజాబు, కర్ణాటకం, కేరళ బోసు వైపు మొగ్గాయి. తమిళనాడులో బోసుకు 110, పట్టాభికి 102. మద్రాసు ప్రధానిగా రాజాజీ ఉన్న కాలంలో, అదే రాజధానిలోని పొరుగు ప్రాంతం పట్టాభికి ఆధిక్యం ఇవ్వలేదు.

ఇక్కడ చిన్న లెక్క వేయవచ్చు. బెంగాల్‌ను మినహాయిస్తే పట్టాభికే 122 ఓట్ల ఆధిక్యం ఉండేది. బెంగాల్‌తోపాటు ఆంధ్రనూ మినహాయిస్తే బోసు ముప్ఫై ఓట్ల చిల్లర తేడాతో ముందుంటారు. అంటే ఇద్దరి సొంత రాష్ట్రాలనూ పక్కన పెడితే దేశం దాదాపు సమానంగా చీలింది. ఈ ఎన్నికను వామపక్షానికీ మితవాదానికీ జరిగిన పోరుగా, లేదా గాంధీజీకీ బోసుకూ జరిగిన పోరుగా చెప్పడం పరిపాటి. ఆ కోణం అబద్ధం కాదు గానీ, గెలుపును తేల్చిన తేడా మాత్రం బెంగాల్ ప్రతినిధివర్గం పరిమాణంలో ఉంది. ఎన్ని ఓట్లున్న రాష్ట్రం ఎవరి సొంత రాష్ట్రం అన్న ప్రశ్న సిద్ధాంతాలతో సమానంగా పనిచేసింది.

ఆంధ్ర ఓటును విడిగా లెక్కించగలగడమే ఒక చారిత్రక విశేషం. 1939లో ఆంధ్ర అనే రాష్ట్రం ప్రభుత్వ పటంలో లేదు. ఉన్నది మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలు. కాంగ్రెస్ పటంలో మాత్రం 1918 నుంచి ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘం ఉంది. న్యాపతి సుబ్బారావు పంతులు అధ్యక్షులుగా, కొండా వెంకటప్పయ్య కార్యదర్శిగా అది మొదలైంది. ఆ ప్రత్యేక ప్రతిపత్తి కోసం కాంగ్రెస్ సభలలో వాదించినవారిలో పట్టాభి ముఖ్యులు. తాను పోరాడి సాధించిన విభాగమే రెండు దశాబ్దాల తరువాత తనకు 181 ఓట్ల గంపను అందించింది. శ్రీబాగ్ ఒడంబడిక జరిగి అప్పటికి పద్నాలుగు నెలలే. ఆంధ్ర రాష్ట్ర వాదం వేడిగా ఉన్న ఆ వాతావరణంలో, ఆంధ్రుడొకడు జాతీయ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యే అవకాశం తెలుగు ప్రతినిధులకు గాంధీ విధేయతకన్నా దగ్గరి సంగతి అయి ఉంటుందనుకోవడం అసంగతం కాదు.

కాబట్టి ఆ 181 ఓట్లను ‘గాంధీజీ అభ్యర్థికి పడిన ఓట్లు’గా మాత్రమే చదవడం నాకు సమ్మతం కాదు. మన జనశ్రుతి అంతా గాంధీజీ వాక్యం మీద నడుస్తున్నందువల్ల, ఆంధ్ర ప్రతినిధులు ఒక ఆంధ్రుణ్ణి ఎన్నుకోవాలని కోరుకున్న సంగతి కనుమరుగైంది. బార్డోలీలో ఆయనను నిలబెట్టినవారికి కారణం ఒకటైతే, బెజవాడలోనో గుంటూరులోనో ఆయనకు ఓటు వేసినవారికి కారణం మరొకటి కావచ్చు.

ఆ 28 మంది సంగతి ఇంకా ఆసక్తికరం. 1934 నుంచి ఆంధ్రలో కాంగ్రెస్ సోషలిస్టులు, వారిలో కలిసి పనిచేస్తున్న కమ్యూనిస్టులు కాంగ్రెస్ కమిటీలలో బలపడుతున్నారు. మరోవైపు పట్టాభి వర్గం, ప్రకాశం వర్గం, రంగా వర్గం అనే చీలికలు జిల్లాల స్థాయిదాకా పాకి ఉన్నాయి. సొంత రాష్ట్రపు మనిషికి వ్యతిరేకంగా ఓటు వేసినవారిని వెతకవలసింది ఈ రెండు చోట్లనే. నూటికి పదమూడు మంది అంటే తక్కువేమీ కాదు. బోసుకు బెంగాల్‌లో ఎదురైన అసమ్మతి నూటికి పదహారు. రెండూ ఇంచుమించు ఒకటే.

ఎన్నిక తరువాత ఎంపిక

ఓటమి తనదేనన్న ప్రకటనలోనే గాంధీజీ మరో సంగతి ఎత్తారు. కాంగ్రెస్ జాబితాలు దొంగ సభ్యులతో నిండిపోయాయనీ, వాటిని గట్టిగా తనిఖీ చేస్తే అలాంటి ఓట్లతో ఎన్నికైన ప్రతినిధులు చాలామంది నిలవరనీ ఆయన అన్నారు. ఇందులో నిజం లేకపోలేదు. 1936లో సుమారు 5 లక్షలున్న సభ్యత్వం 1939 నాటికి సుమారు 50 లక్షలకు చేరింది. 1937లో మంత్రివర్గాలు ఏర్పడ్డాక కాంగ్రెస్ కమిటీలో చోటు అంటే ప్రభుత్వంలో పలుకుబడి. నాలుగణాల చందాను ఒకరి తరఫున మరొకరు కడితే సభ్యత్వం పెరుగుతుంది, సభ్యత్వం పెరిగితే ప్రతినిధులు చేతికి వస్తారు. అంతర్గత ఎన్నికల జబ్బుకు మూలం అక్కడ ఉంది. అయితే ఆ జాబితాలతోనే పట్టాభికి కూడా 1377 ఓట్లు వచ్చాయన్నది మరవరాదు.

ఫిబ్రవరి 22న కార్యవర్గంలోని పన్నెండుగురు రాజీనామా చేశారు. మార్చిలో జబల్పూరు సమీపాన త్రిపురిలో సభ జరిగింది. జ్వరంతో ఉన్న బోసును మంచం మీద మోసుకొచ్చారు. ఆయన ఉపన్యాసాన్ని అన్న శరత్ చంద్రబోసు చదివారు. గోవింద వల్లభ పంత్ తీర్మానం అధ్యక్షుడు తన కార్యవర్గాన్ని గాంధీజీ అభీష్టం ప్రకారం నియమించాలని కోరింది. ఆ చర్చలో రాజాజీ చెప్పిన రెండు పడవల ఉపమానం నర్మదా తీరంలో బాగానే పండింది. పాత పడవ గాంధీజీది, చిల్లులు పడిన కొత్త పడవ బోసుది. తీర్మానం నెగ్గింది.

నిర్మాణం దృష్టితో చూస్తే జరిగింది ఇది: అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు ప్రతినిధులకు ఉన్నా, అధ్యక్షుడికి సహచరులను ఎంచుకునే హక్కు లేకుండా పోయింది. గాంధీజీ పేర్లు చెప్పలేదు, బోసు తానుగా వేయలేకపోయారు. ఏప్రిల్ 29న కలకత్తాలో ఆయన రాజీనామా చేయగా రాజేంద్ర ప్రసాద్ ఆ స్థానంలోకి వచ్చారు. మే నెల మొదట్లో ఫార్వర్డ్ బ్లాక్ పుట్టింది. ఇంగ్లీషులో హైకమాండ్ అనే సైనిక పదాన్ని తెలుగు పత్రికలు అధిష్ఠానం అంటున్నాయి. పీఠం, ఆధారం అన్న అర్థాలున్న ఈ మాట ఆజ్ఞను దాచి ఆసనాన్ని చూపిస్తుంది. త్రిపురిలో జరిగినదానికి ఆ అనువాదమే సరిగ్గా సరిపోతుంది.

ఆ తరువాత ఆంధ్రలో

1946లో మద్రాసు శాసనసభా కాంగ్రెస్ పక్షం నాయకుణ్ణి ఎన్నుకోవలసి వచ్చింది. గాంధీజీ, అధిష్ఠానం రాజాజీని కోరుకున్నారు. శాసనసభ్యులు ఒప్పుకోలేదు. టంగుటూరి ప్రకాశం 82 ఓట్లతో, 69 ఓట్లు వచ్చిన ముత్తురంగ మొదలియార్ మీద గెలిచి ఏప్రిల్ 30న ప్రధాని అయ్యారు. ఇక్కడ నిలబెట్టిన అభ్యర్థిని బరిలోకే రానివ్వలేదు, నిలబడిన అభ్యర్థి నెగ్గారు. కానీ గెలిపించినవారిలో ఆయన సొంత బలం ఎంత, రాజాజీకి జరిగినదానికి కోపగించినవారెంత, ఎదుటి అభ్యర్థిని ఆపదలచినవారెంత అన్నది తేలేలోగానే పక్షంలో విశ్వాసం కోల్పోయి 1947 మార్చిలో దిగిపోయారు. ఆయనను దించడంలో ఆంధ్రలోని పట్టాభి వర్గం చేయి కూడా ఉంది.

1948లో పట్టాభి మళ్ళీ కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ చేసి, పురుషోత్తందాస్ టాండన్ మీద స్వల్ప ఆధిక్యంతో గెలిచి జయపూర్ సభకు అధ్యక్షత వహించారు. గాంధీజీ అప్పటికి లేరు. పట్టాభి జీవితంలో జరిగిన ఈ రెండు ఎన్నికలలో ఓడినది అందరికీ తెలుసు, గెలిచినది పరిశోధకులకు మాత్రమే తెలుసు. గెలిచిన ఆ హోదాలోనే ఆయన జవహర్‌లాల్, వల్లభ్‌భాయిలతో కలిసి భాషారాష్ట్రాల ప్రశ్నను పరిశీలించిన సంఘంలో కూర్చున్నారు. ఆంధ్ర రాష్ట్రం కావాలంటే మద్రాసు నగరం మీద పట్టు వదులుకోవాలని 1949 ఏప్రిల్‌లో ఆ సంఘం చెప్పింది. 1939లో ఆయనకు ఓటు వేసిన 181 మందిలో ఎందరు అప్పటికీ ఆయన వెంట ఉన్నారో ఆలోచించవలసిన విషయం.

1951లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి నీలం సంజీవరెడ్డి, ఎన్.జి. రంగా పోటీపడ్డారు. ఇద్దరూ నిలబడినవారే. వెనుక వర్గాలున్నా, తప్పుకోబోతున్నవాణ్ణి ఆపి పెట్టవలసిన పని ఎవరికీ రాలేదు. సంజీవరెడ్డి గెలిచారు. రంగా బయటికి వెళ్ళి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. ప్రకాశం కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరారు. ఓడిన పక్షం సంస్థలో మిగలకపోవడం త్రిపురి తరువాత బోసు విషయంలో ఎలా జరిగిందో ఇక్కడా అలాగే జరిగింది, కాకపోతే ఈసారి వెళ్ళినవారు తమతో జిల్లాల కమిటీలను, ఓటర్లను కూడా తీసుకుపోయారు. 1952 సార్వత్రిక ఎన్నికలలో తెలుగు జిల్లాలలో కాంగ్రెస్ దారుణంగా దెబ్బతిన్నది. పార్టీ లోపలి ఎన్నికలో రంగాపై నెగ్గిన సంజీవరెడ్డి, అనంతపురంలో జనం ఎదుట తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు.